60 వేలతో మైనింగా, ట్రేడింగా, ఆన్‌లైన్‌లో చీరలా? ముందు లెక్క చూడండి

మీరు అడిగింది ఇది: గుంటూరులో ఇల్లు, చేతిలో 60 వేలు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ పీసీ. ఫ్రెండ్ బిట్‌కాయిన్ మైనింగ్‌కే తయారుచేసిన యాంట్‌మైనర్ ఎస్19 అనే మెషీన్ సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పిస్తానంటున్నాడు. ఇంకొకరు రోజూ క్రిప్టో కాయిన్లు కొని అమ్మితే చాలంటున్నారు. మీ అక్క మంగళగిరి చీరలు ఇన్‌స్టాలో అమ్ముదామంటున్నారు. దేంతో మొదలుపెట్టాలి?

అక్క మాట వినండి. మిగతా రెండూ ఎందుకు వద్దంటున్నానో లెక్కతో సహా చెప్తాను, ఎందుకంటే మీ ఫ్రెండ్ చెప్పే లెక్కలో ఖర్చుల వైపు కనపడదు.

మైనింగ్ సంగతి. మైనింగ్ అంటే మెషీన్లు పోటీపడి లెక్కలు చేసి, బిట్‌కాయిన్ లావాదేవీల కట్టను ఖాతాలో చేర్చి, బదులుగా కొత్త కాయిన్లు పొందడం. ఆ కట్టే బ్లాకు, సుమారు 10 నిమిషాలకొకటి. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (ఈ బహుమతిని సగానికి తగ్గించడం) తర్వాత బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు, అంటే ప్రపంచం మొత్తానికి రోజుకు 450. దాన్ని మెషీన్లన్నీ తమ హాష్‌రేటును, అంటే లెక్కలు చేసే వేగాన్ని బట్టి పంచుకుంటాయి. 2025లో నెట్‌వర్క్ మొత్తం హాష్‌రేటు 1 జెట్టాహాష్ దాటింది. 1 జెట్టాహాష్ అంటే 100 కోట్ల టెరాహాష్‌లు. ఎస్19 ఇచ్చేది 95 టెరాహాష్‌లు, తాగే కరెంటు 3250 వాట్లు. మీ వాటా రోజుకు 0.0000428 బిట్‌కాయిన్. లెక్క తేలిగ్గా ఉండటానికి బిట్‌కాయిన్ కోటి రూపాయలనుకోండి: రోజుకు 428 రూపాయలు. 80 లక్షలనుకుంటే 342.

ఇప్పుడు బిల్లు. 3.25 కిలోవాట్లు 24 గంటలు నడిస్తే 78 యూనిట్లు. ఆంధ్రలో ఇంటి మీటరు మీద నెలకు 400 యూనిట్లు దాటాక యూనిట్ 9.75 (తెలంగాణలో 800 దాటితే 10). 78 యూనిట్లకు రోజుకు 760 రూపాయలు, ట్రూ అప్ చార్జీలు (పాత ఖర్చుల తేడాకు తర్వాత వేసేవి) కాకుండా. కాయిన్ కోటి రూపాయలున్నా రోజుకు 330 చేతి నుంచి పడతాయి, నెలకు 10 వేలు. ఈ మెషీన్ ఫ్రీగా ఇచ్చినా ఇంతే. యూనిట్ అయిదున్నర రూపాయల లోపు దొరికితే తప్ప ఎస్19 తన కరెంటు ఖర్చు తాను సంపాదించుకోలేదు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో ఇవి ఇంత చవగ్గా తిరుగుతున్నాయంటే కారణం అదే.

కొత్త మెషీన్ కొంటే? ఎస్21 అయితే 200 టెరాహాష్‌లు, 3500 వాట్లు. అదే కోటి ధర మీద రోజుకు 900 వస్తుంది, కరెంటుకు 819 పోతుంది. పూల్ (కలిసి మైనింగ్ చేసి పంచుకునే గుంపు) ఫీజు 2 శాతం తీస్తే ఇంకో 18. మిగిలింది 63 రూపాయలు, మెషీన్ ధర మాత్రం లక్షల్లో. వేడి సంగతి ఇంకా రాలేదు. 3.5 కిలోవాట్లు కరెంటు తాగితే 3.5 కిలోవాట్ల వేడి బయటికొస్తుంది. ఒక టన్ను ఏసీ తీసేయగలిగే వేడి సరిగ్గా అంతే. గుంటూరు మే నెలలో ఆ గదికి ఏసీ పెడితే గంటకు ఇంకో యూనిట్. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సరిపెడితే లోపలికి వచ్చే గాలే 44 డిగ్రీలుంటుంది, మెషీన్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. చప్పుడు 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పక్కింటివాళ్లు రెండో రాత్రికే తలుపు కొడతారు.

అసలు దెబ్బ పన్ను దగ్గర. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెస్‌తో కలిపి 31.2. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు. మైనింగ్ పరికరాల ఖర్చు కొనుగోలు ధర కిందికి రాదని ఆర్థిక శాఖ 2022 మార్చిలోనే పార్లమెంటుకు చెప్పింది. కరెంటు బిల్లుకూ అదే గతి. అంటే ఎస్21 లెక్కలో 63 మిగిలిందని చెప్పానే, పన్ను పడేది ఆ 63 మీద కాదు, 900 మీద: 281 రూపాయలు. కొందరు సీఏలు దీన్ని వేరేగా వాదిస్తారు. ఆ వాదన నమ్మి మెషీన్ కొనడం మాత్రం నేను ఒప్పుకోను.

సోలార్ పెడితేనో అని తర్వాత అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. మన దగ్గర కిలోవాట్ ప్యానెళ్లకు రోజుకు సుమారు 4 యూనిట్లు. ఒక్క ఎస్19కి 78 యూనిట్లు కావాలంటే దాదాపు 20 కిలోవాట్ల ప్యానెళ్లు. సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ 3 కిలోవాట్లతోనే ఆగిపోతుంది, గరిష్ఠంగా 78 వేలు. 20 కిలోవాట్లు పెట్టే స్తోమతుంటే ఆ కరెంటును మైనర్‌కు తాగించడం కంటే మంచి ఉపయోగాలు చాలా ఉన్నాయి.

ఇంత చెప్పినా పెట్టి తీరతానంటే వైరింగ్ దగ్గర పొరపాటు పడకండి. 3250 వాట్లంటే 230 వోల్టుల మీద 14 ఆంపియర్లు, అదీ రాత్రింబవళ్లు ఆగకుండా. 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్) పెడితే ఎండాకాలం ఊరికే పడిపోతుంది, పాత పవర్ సాకెట్ అయితే పిన్నుల దగ్గర నల్లబడి కరుగుతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ జోలికి పోవద్దు. దీని పవర్ సప్లైకి 200 నుంచి 240 వోల్టులు కావాలి. సాయంత్రం లైన్ వోల్టేజీ 190కి దిగే వీధుల్లో మెషీన్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, చాలామంది దాన్ని బోర్డు పోయిందనుకుంటారు. ముందు మల్టీమీటర్‌తో సాకెట్ దగ్గర వోల్టేజీ చూడండి. లోడ్ పెంచుకోవడానికి డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ కంపెనీకి) దరఖాస్తు చేయాలి. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారానికి కరెంటు వాడినట్టు తేలితే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద ఆ కేటగిరీ టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు.

పాత ఎస్19 కొనేముందు కనీసం ఒక గంట నడిపి చూపించమనండి. మెషీన్ సెట్టింగుల వెబ్ పేజీలో మూడు హాష్‌బోర్డులూ (లెక్కలు చేసే చిప్పుల బోర్డులు) కనపడాలి, మొత్తం 95కి దగ్గరగా నిలబడాలి. రెండే బోర్డులు కనపడితే అది 63 టెరాహాష్‌ల మెషీన్. ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తాజాగా మళ్లీ ఎక్కించండి. పాత ఓనరు వాలెట్‌కు (కాయిన్లు దాచుకునే ఖాతాకు) హాష్‌రేటు మళ్లించే ఫర్మ్‌వేర్లు ఉంటాయి. లాగిన్, పాస్‌వర్డ్ రెండూ రూట్ అనే ఉంటాయి, మొదటిరోజే పాస్‌వర్డ్ మార్చండి.

మీ 3060 కార్డు సంగతి చిన్నదే. గ్రాఫిక్స్ కార్డుల మైనింగ్‌కు తిండి పెట్టింది ఈథరియం అనే కాయిన్. 2022 సెప్టెంబర్ 15న అది ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు (లెక్కల పోటీ బదులు కాయిన్లు తాకట్టు పెట్టే పద్ధతికి) మారి మైనింగ్ ఆపేసింది. ప్రపంచంలోని కార్డులన్నీ ఈథరియం క్లాసిక్, రావెన్‌కాయిన్ లాంటి చిన్న కాయిన్ల మీద పడ్డాయి. మీ పీసీ గోడ దగ్గర 200 వాట్లు లాగితే రోజుకు 4.8 యూనిట్లు, నలభై రూపాయల పైనే. మైనింగ్ లాభం లెక్కగట్టే వాట్‌టుమైన్ సైటులో కార్డు పేరు, యూనిట్ ధర డాలర్లలో కొట్టి చూడండి. అందులో ముందే వేసి ఉండే ధర 10 సెంట్లు. మన పై స్లాబు ధర దానికన్నా ఎక్కువే కాబట్టి మార్చకుండా చూస్తే ఫలితం అందంగా కనిపిస్తుంది. కార్డులు ఇంకో రెండు తెచ్చి రిగ్ (చాలా కార్డులతో కట్టే మైనింగ్ సెటప్) కడతానంటే ఒక్క మాట: రైజర్‌కు (కార్డును మదర్‌బోర్డుకు కలిపే చిన్న బోర్డుకు) హార్డ్ డిస్కులకు వాడే సాటా పవర్ కనెక్టర్ తగిలించకండి. సాటా తట్టుకునేది 54 వాట్లు, కార్డు స్లాట్ నుంచి లాగేది 75 దాకా. ఇళ్లలో రిగ్‌లు తగలబడటానికి ఇదొక పెద్ద కారణం.

ఇదంతా ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలనే ఉబలాటమైతే బిట్‌యాక్స్ గామా అనే అరచేతి బోర్డు ఉంది. 1.2 టెరాహాష్‌లు, 17 వాట్లు, నెలకు 12 యూనిట్లు. సొంతంగా బ్లాకు తగలాలంటే సగటున దాదాపు 16 వేల ఏళ్లు పడుతుంది. లాటరీ టికెట్టే, కానీ పూల్, వర్కర్ (పూల్‌లో మీ మెషీన్ పేరు), డిఫికల్టీ (బ్లాకు దొరకడం ఎంత కష్టమో) అన్నీ చేతికి తెలుస్తాయి. ఫోన్‌లో రోజూ బటన్ నొక్కే యాప్‌లు మైనింగ్ కావు. క్లౌడ్ మైనింగ్ (ఎక్కడో ఉన్న మెషీన్లలో వాటా ఇస్తామనడం) అని టెలిగ్రామ్‌లో వచ్చేవి అసలే వద్దు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమ్ అలాగే నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామంది. దాని మీద సీబీఐ, ఈడీ కేసులు ఇంకా నడుస్తున్నాయి.

ట్రేడింగ్‌కొస్తే, కాయిన్ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది రెండో ప్రశ్న. 2022 జూలై నుంచి ప్రతి అమ్మకం మీదా 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తున్నారు, లాభమొచ్చినా నష్టమొచ్చినా. 50 వేలను ఏడాదిలో 50 సార్లు పూర్తిగా తిప్పారనుకోండి. ధర కదలకపోయినా చేతిలో తిరిగే డబ్బు 30 వేలకు దిగుతుంది. రిటర్న్ వేసినప్పుడు ఈ టీడీఎస్ పన్నులో సర్దుతారు, మిగిలితే రీఫండ్ వస్తుంది, కానీ అప్పటిదాకా అది మీ పెట్టుబడి కాదు. దీని మీద ఎక్స్‌చేంజ్ (కాయిన్లు కొని అమ్మే వేదిక) ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ.

ఇంకా ఘోరం నష్టాల లెక్క. బిట్‌కాయిన్‌లో 20 వేలు లాభం, ఇంకో కాయిన్‌లో 20 వేలు నష్టం వచ్చిందనుకోండి. మీకు మిగిలింది సున్నా. పన్ను 6,240. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. రోజూ తిప్పేవాడికి ఈ రూలు ఒక్కటి చాలు. కొని రెండు మూడేళ్లు ఊరికే ఉంచేవాడికి ఇది అంతగా తగలదు. కాబట్టి కొనాలనే ఉంటే, పోయినా ఏడవని 3, 4 వేలతో బిట్‌కాయిన్ కొని ఉంచండి, రోజువారీ ఆట వద్దు.

ఎక్స్‌చేంజ్ ఎఫ్‌ఐయూ (అనుమానపు లావాదేవీల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ) దగ్గర నమోదైందో లేదో చూసుకోండి, 2023 మార్చి నుంచి అది తప్పనిసరి. నమోదైంది కదా అని కాయిన్లన్నీ అక్కడే వదిలేయకండి. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్‌చేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల కాయిన్లు దొంగలెత్తుకుపోయాక వాడకందార్ల కాయిన్ల విత్‌డ్రాలన్నీ ఏడాదికి పైగా ఆగిపోయాయి. సొంత వాలెట్‌కు పంపేటప్పుడు ముందు చిన్న మొత్తం పంపి చూడండి, నెట్‌వర్క్ పేరు రెండువైపులా ఒకటేనా అని సరిచూడండి. అడ్రస్ కాపీ చేసి అతికించాక మొదటి, చివరి ఆరేసి అక్షరాలు కళ్లతో చదవండి; అతికించేటప్పుడు అడ్రస్ మార్చేసే వైరస్‌లు పైరసీ గేముల్లో దండిగా వస్తాయి, మీది గేమింగ్ పీసీ మరి. వాలెట్‌ను తిరిగి తెరిచే 12 లేదా 24 పదాల సీడ్ కాగితం మీదే రాయాలి. ఫొటో తీస్తే అది గూగుల్ ఫొటోస్‌కు పోతుంది.

పీ2పీలో (మనిషికీ మనిషికీ నేరుగా) యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన కాయిన్) అమ్మి రూపాయి రెండు మిగుల్చుకోవడం గురించి యూట్యూబ్‌లో తెగ చెబుతారు. అందులో జరిగేది ఇది: కొన్నవాడు మీకు పంపిన డబ్బు ఎక్కడో మోసపోయిన మనిషిది. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, డబ్బు వెళ్లిన దారిలోని అకౌంట్లన్నీ ఆగిపోతాయి, మీదీ అందులో ఒకటి. కేసు రాజస్థాన్‌లోనో గుజరాత్‌లోనో ఉంటుంది. తీయించుకోవడానికి నెలలు పడుతుంది. జీతం పడే అకౌంట్‌తో ఈ పని అస్సలు చేయకూడదు. పంపినవాడి బ్యాంకు పేరు, ఎక్స్‌చేంజ్‌లోని పేరు ఒక్కటి కాకపోతే కాయిన్లు వదలకుండా ఆర్డర్‌ను వివాదంలో పెట్టాలి.

ఇక చీరలు. మీ దగ్గర నుంచి మంగళగిరి అరగంట దూరం, మగ్గం దగ్గర కొనగలరు. ఆన్‌లైన్‌లో వందలమంది ఉన్నా ఈ ఒక్క సౌకర్యం వాళ్లలో చాలామందికి లేదు. చీర పగలదు, కారదు, చెడిపోదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సరుకుల లైసెన్సు) గొడవ లేదు. 25 చీరలతో మొదలెట్టండి, మొత్తం డబ్బు సరుకులో పెట్టకండి.

వెయ్యికి కొన్న చీర 1,450కి అమ్మారనుకుందాం. కొరియర్ 80, క్యాష్ ఆన్ డెలివరీ చార్జీ 40, ప్యాకింగ్ 15. మిగిలేది 315. పదిలో రెండు తిరిగొస్తే: ఎనిమిదింటి మీద 2,520, తిరిగొచ్చిన ఒక్కోదానికి రానూపోనూ 160, ప్యాకింగ్ 15, కలిపి 350 పోతాయి. మిగిలేది 2,170. నాలుగు తిరిగొస్తే 1,190కి పడిపోతుంది. అమ్మకాలు పెంచడం కంటే ఈ వాపసులు తగ్గించడం ముఖ్యం. ప్రతి క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్‌కు ఫోన్ చేసి అడ్రస్ ఖాయం చేసుకోండి, 100 రూపాయలు ముందు యూపీఐ చేయమనండి. ఆ వంద పంపనివాళ్లలో ఎక్కువమంది పార్సిల్ కూడా తీసుకోరు.

కొరియర్‌వాళ్లు అసలు బరువు, సైజు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే సైజు బరువు. అరకిలో చీరను 25, 20, 15 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే అది కిలోన్నర అయిపోతుంది. 30, 22, 3 సైజులో పల్చగా మడిచి కవర్లో పెడితే 400 గ్రాములే, అసలు బరువుకే పోతుంది.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. సరుకులకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్లూ ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఈ-కామర్స్ సైట్లలో అమ్మొచ్చు. కానీ రాష్ట్రం లోపలికే. ఆ సైట్లలో అమ్మి గుంటూరు నుంచి హైదరాబాద్‌కు ఒక్క చీర పంపాలన్నా అది వేరే రాష్ట్రం, రిజిస్ట్రేషన్ కావాలి. మీ కొనుగోలుదారుల్లో సగం మంది హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉంటారు కాబట్టి మొదటి నెలలోనే తీసేసుకోండి. ఫీజు లేదు, నెలకో, మూడు నెలలకో రిటర్న్ వేయాలి, అమ్మకం సున్నా అయినా సరే.

ఫొటోలు పగటి వెలుగులో, గుమ్మం దగ్గర తీయండి, ట్యూబ్‌లైటు కింద నీలం, ఆకుపచ్చ తేడా వస్తాయి. రంగు తేడా అంటూ వచ్చే వాపసులు అక్కడే పుడతాయి. ప్యాక్ చేసేటప్పుడు చీర, అంచు, పార్సిల్ లేబుల్ ఒకే వీడియోలో పడేలా తీసి ఆర్డర్ నంబరుతో దాచండి. వేరే చీర వాపసు పంపి డబ్బులడిగేవాళ్లు తగిలినప్పుడు, కొరియర్ కంపెనీతో తగువు పడ్డప్పుడు చూపించడానికి అది ఒక్కటే ఉంటుంది.