ఐస్ ఫిషింగ్‌కు ఏ పవర్ ఆగర్ కొనాలి? ముందు బ్లేడు సంగతి చూడండి

మిన్నియాపోలిస్‌కు కొత్తగా వచ్చిన ఒకరి ప్రశ్న ఇది: “ఈ చలికాలం ఐస్ ఫిషింగ్ మొదలుపెడదామని అనుకుంటున్నాను. పెట్రోలు ఆగర్ కొనాలా, బ్యాటరీది కొనాలా? 8 అంగుళాలది తీసుకోవాలా, 10 అంగుళాలదా?”

ఆగర్ అంటే గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి ఐసులో రంధ్రం తొలిచే మరచుట్ల పనిముట్టు, అంగుళాల లెక్క ఆ రంధ్రం వెడల్పుది. నేను మిన్నెసోటాకు వచ్చి పద్నాలుగేళ్లయింది, ఐసు మీద చేపలు పట్టడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఈ కాలంలో మూడు ఆగర్లు కొన్నాను. ఒకటి గరాజులో తుప్పు పడుతున్నది, ఒకటి మిల్ లాక్స్ సరస్సు అడుగున ఉన్నది, మూడవదానిని ఇప్పుడు వాడుతున్నాను. కొత్తవారు మోటారు గురించి అడిగినదానిలో పదో వంతు కూడా బ్లేడు గురించి అడగరు. నా దృష్టిలో ఆగర్ అంటే బ్లేడే, మిగిలినదంతా దానిని తిప్పడానికి చేసుకున్న ఏర్పాటు. ఈ సంగతి నాకు దుకాణంలో ఎవరూ చెప్పలేదు, నా డబ్బు నీళ్లలో పడిన తరువాతనే తెలిసింది. పడినది మాటవరసకు కాదు, నిజంగానే పడింది.

2021 ఫిబ్రవరి రెండవ వారంలో, ఉత్తరం నుంచి దిగిన చలి రోజుల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు, నేనూ మా బావమరిదీ మిల్ లాక్స్‌కు వెళ్లాము. అది సుమారు 200 చదరపు మైళ్ల సరస్సు, అయినా లోతు 42 అడుగులకు మించదు. ఆ ఉదయం చలి సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నది, ఐసు మందం 22 అంగుళాలు ఉన్నది. అంతకు ముందు ఏడాదే పెట్రోలు ఆగర్‌తో విసిగిపోయిన నేను, ఇంట్లో పటాలు తగిలించడానికి కొన్న కార్డ్‌లెస్ డ్రిల్లుకు 8 అంగుళాల ఆగర్ బిట్టు, అంటే మోటారు లేని ఉత్త మరచుట్ల కాడ, బిగిస్తే చాలునని లెక్క వేసుకున్నాను. ఇక్కడ చాలామంది డ్రిల్లుతోనే తొలుస్తారు, ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. నేను మాత్రం బిట్టును ఎవరో వాడి అమ్మేస్తే చవకగా కొన్నాను, దాని బ్లేడు ఎలా ఉన్నదో చూడనే లేదు.

మొదటి రంధ్రానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఒంటి బరువంతా వేసి అదిమితే గాని బిట్టు దిగలేదు. డ్రిల్లు వేడెక్కి కాలిన వాసన వచ్చింది. పైకి వచ్చిన పొట్టు పొరలు పొరలుగా కాక బియ్యప్పిండిలా ఉన్నది. మొద్దుబారిన బ్లేడుకు అదే గుర్తు అని అప్పటికి నాకు తెలియదు, ఎందుకంటే పదునైన బ్లేడు ఐసును ఎలా తింటుందో నేను ఎన్నడూ చూడలేదు. రంధ్రంలో పేరుకున్న గుజ్జును వదిలించడానికి డ్రిల్లును కాసేపు వెనక్కి తిప్పాను. వెనక్కి తిప్పుతూ ఉంటే, బిట్టును బిగించి ఉంచే డ్రిల్లు మూతి, అదే చక్కు, పట్టు సడలిపోవచ్చునన్న ఆలోచన కూడా నాకు రాలేదు. రెండవ రంధ్రంలో అడుగు పొర తెగిన క్షణాన బిట్టు మొత్తం చడీచప్పుడు లేకుండా కిందికి జారిపోయింది. చేతిలో డ్రిల్లు ఒక్కటే, బరువు దిగిన సంతోషంతో కాబోలు, మరింత జోరుగా తిరుగుతున్నది. నల్లని నీటి మీదికి నాలుగు బుడగలు వచ్చాయి. మా బావమరిది మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూసి, “బావా, అది తేలుతుందా?” అని అడిగాడు. ఉక్కు తేలదని ఇంజనీరింగ్ చదివిన మా ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరమూ ఒక నిమిషం పాటు అలా చూస్తూనే ఉన్నాము.

కొంత దూరంలో బోర్లించిన బకెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. సంగతి గ్రహించి తానే లేచి వచ్చాడు. లోతు 18 అడుగులు. దారానికి మూడు ముళ్ల గాలం కట్టి, అరగంట సేపు ఆ బిట్టు మరచుట్లకు తగిలించాలని ప్రయత్నించాడు. ఒకసారి తగిలింది, రెండు అడుగులు లేచింది, మళ్లీ జారింది. ఇక లాభం లేదని తల ఊపి, తన స్లెడ్డులో నుంచి 6 అంగుళాల చేతి ఆగర్ తీశాడు. స్వీడన్ తయారీ. దాని బ్లేడ్లకు పాత ఫ్లానెల్ చొక్కా గుడ్డ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంచాడు. పసిబిడ్డను పొత్తిళ్లలో నుంచి తీసినట్టు ఆ గుడ్డ విప్పాడు. ఒక చేతితో పై గుబ్బను పట్టుకుని రెండవ చేతితో తిప్పుతూ పోయాడే గాని ఎక్కడా అదమలేదు. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చెక్క పొరలు లేచినట్టు ఐసు పొరలు పైకి లేచాయి. నా మోటారుకు నాలుగు నిమిషాలు పట్టిన మందాన్ని ఆయన చేతులు రెండు నిమిషాల లోపే దాటాయి. రంధ్రం చిన్నదన్న మాట నిజమే, కాని తేడా అంతా దానివల్లనే వచ్చిందంటే నేను ఒప్పుకోను. మాకు రెండు రంధ్రాలు తొలిచి ఇచ్చి, బ్లేడు తుడిచి, మళ్లీ గుడ్డ చుట్టి, “నేను ఏటా డిసెంబరులో కొత్త బ్లేడ్లు వేస్తాను” అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు మాకు రెండు పెర్చ్ చేపలూ ఒక వాలై చేపా దొరికాయి. వాలై అనుమతించిన కొలతకు సరిపోకపోవడంతో వదిలేశాము.

ఇక మీరు అడిగిన కొలత సంగతి. 6 అంగుళాల నుంచి 8కి వెళితే పని కొంచెమే పెరుగుతుందని అనిపిస్తుంది గాని, ఇది వైశాల్యం లెక్క కాబట్టి పని దాదాపు 78 శాతం పెరుగుతుంది. 20 అంగుళాల ఐసులో 6 అంగుళాల రంధ్రం తొలిస్తే సుమారు 9 లీటర్ల ఐసును పొట్టు చేసి పైకి తేవాలి. 8 అంగుళాలదైతే 16 లీటర్లు, 10 అంగుళాలదైతే 25 లీటర్లు దాటుతుంది. ఒక్క రంధ్రానికి పెద్ద బిందెడు ఐసును తోడిపోయడమన్నమాట. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ వంటి అరచేతి చేపలకు 6 అంగుళాలు ధారాళంగా సరిపోతాయి. వాలై కోసం వెళ్లేవారిలో ఎక్కువమంది 8 అంగుళాలది వాడతారు, నీటిలో చేపల జాడ చూపే సోనారు పరికరాన్ని అదే రంధ్రంలో దింపుకోవడానికి కూడా అది వీలుగా ఉంటుంది. 10 అంగుళాలది లేక్ ట్రౌట్ కోసమూ, పెద్ద నార్తర్న్ పైక్ కోసమూ వెళ్లేవారి పనిముట్టు. మొదటి చలికాలంలోనే అంత చేప మీ గాలానికి పడుతుందన్న ధీమా ఉంటే కొనండి. నేను ఇప్పుడు 6 అంగుళాలదే వాడుతున్నాను. ఇన్నేళ్లలో రంధ్రం అంచు దాకా వచ్చి తప్పిపోయిన పెద్ద చేప ఒక్కటే, అది కూడా నేను తొందరపడి లాగడం వల్ల తప్పిపోయింది.

పెట్రోలు ఆగర్ మీద నాకు పాత పగ ఉన్నదని ముందే చెబుతున్నాను. రెండు స్ట్రోకుల ఇంజనైతే ప్రతిసారీ పెట్రోలులో నూనె కొలిచి కలపాలి, వేసవిలో ట్యాంకులో మిగిలిన పెట్రోలు కార్బ్యురేటరులో జిగురుగా మారుతుంది, డిసెంబరులో తాడు లాగి లాగి భుజం పడిపోతుంది. నాలుగు స్ట్రోకులదైతే నూనె కలపనక్కరలేదు గాని, కారులో పడుకోబెట్టి తీసుకువెళితే నూనె చేరకూడని చోటికి చేరుతుంది. బరువు 13, 14 కిలోల దాకా ఉంటుంది. చలికి ఐసు మీద వేసుకునే గుడారంలో నడిపితే పొగ ప్రాణాంతకం. ప్రోపేన్ గ్యాసుతో నడిచేవి కొంత నయం, కాని బాగా చలి ముదిరినప్పుడు సిలిండరులో ఒత్తిడి పడిపోయి అవీ మొరాయిస్తాయి. రెండున్నర అడుగుల ఐసులో, 10 అంగుళాల కొలతతో, రోజుకు యాభై రంధ్రాలు తొలిచేవారికి పెట్రోలు ఇంజను మీద ప్రేమ ఉండడం సహజమే. మనకు వాలై సీజను ఫిబ్రవరి చివరిలో ముగుస్తుంది, నమ్మదగిన ఐసు డిసెంబరులో గాని రాదు, పైగా వారాంతాలు తప్ప తీరిక ఉండదు. పది పన్నెండు రోజుల ముచ్చటకు ఒక ఇంజనును ఏడాది పొడవునా మేపవలసిన అవసరం నాకు కనబడలేదు.

కాబట్టి బ్యాటరీయే. ఇందులోనూ రెండు దారులు ఉన్నాయి. మోటారూ బ్యాటరీ కలిపి ఆగర్‌గానే తయారుచేసినవి ఒక దారి, అవి 10 కిలోల చుట్టూ ఉంటాయి. మంచి డ్రిల్లుకు విడి బిట్టు బిగించుకోవడం రెండవ దారి, అన్నీ కలిపి 5 కిలోల చుట్టూ తేలుతుంది. నా ఓటు రెండవదానికే, ఎందుకంటే అదే డ్రిల్లు మిగిలిన పది నెలలు ఇంటి పనికి వస్తుంది. కాని డ్రిల్లు అంటే ఏ డ్రిల్లైనా సరిపోదు. బ్రష్‌లెస్ మోటారు, అర అంగుళం లోహపు చక్కు, పక్క పిడి ఉండి తీరాలి. తక్కువ వేగం గేరులోనే నడపాలి. పక్క పిడి లేకుండా తొలిస్తే, ఐసు అడుగున బ్లేడు ఇరుక్కున్న క్షణాన డ్రిల్లు మీ మణికట్టును తిప్పి పారేస్తుంది. బిట్టు పైభాగాన రంధ్రం కంటే వెడల్పైన ప్లాస్టిక్ బిళ్ల ఉన్నదే కొనండి, లేకపోతే విడిగా కొని తొడగండి. చక్కు వదిలినా ఆ బిళ్ల అంచుకు ఆనుకుని బిట్టును ఆపుతుంది. దాని ధర ఎంతైనా, నేను మిల్ లాక్స్‌కు సమర్పించుకున్న దానికంటే తక్కువే.

బ్యాటరీ పెట్టె మీద “ఒక్క చార్జింగుకు ఇన్ని రంధ్రాలు” అని రాసి ఉండే లెక్కను నేను నమ్మను. ఆ రంధ్రాలు ఎంత మందం ఐసులో, ఎంత చలిలో, ఎంత కొత్త బ్లేడుతో తొలిచారో అక్కడ చిన్న అక్షరాలలో వెతుక్కోవాలి. చలికి లిథియం బ్యాటరీ శక్తి తగ్గుతుంది కాబట్టి తొలిచే దాకా దానిని కోటు లోపలి జేబులో ఉంచండి, వీలుంటే రెండవది కూడా తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చాక అది గది వేడికి వచ్చేవరకు చార్జింగు పెట్టవద్దు. గడ్డకట్టే చలిలో చార్జి చేస్తే లోపలి సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది.

బ్లేడ్లు ప్రధానంగా రెండు రకాలు. చిత్రికలా పొర తీసేవి కొత్త ఐసులో వెన్నలో కత్తిలా దిగుతాయి గాని, నిన్నటి రంధ్రం మళ్లీ గడ్డకడితే దానిని తెరవడానికి పనికిరావు, ఎగిరెగిరి పడతాయి. పళ్లతో కొరికి చిప్పలు లేపేవి కొంచెం నెమ్మది, కాని పాత రంధ్రాలనూ ఇసుక కలిసిన మురికి ఐసునూ ఓర్చుకుంటాయి. అద్దె గుడారాలలో పాత రంధ్రాలు తెరిచే అలవాటు ఉంటే రెండవ రకం, ప్రతిసారీ కొత్త చోటు వెతుక్కునేవారికి మొదటి రకం. ఏ రకమైనా జతగా మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది బిగించకూడదు. ఇంట్లో గ్రైండరు మీద పదును పెడదామన్న ఆలోచన వద్దు. ధార పదునెక్కుతుందేమో గాని దాని వాలు మారుతుంది, వాలు మారిన బ్లేడు ఐసు మీద గిరగిరా తిరుగుతుందే గాని దిగదు. తడి బ్లేడును గాలిలో వదిలేస్తే దాని మీద ఐసు పొర కట్టి, రెండవ రంధ్రంలో అసలు పట్టదు. అప్పుడు చాలామంది ఆగర్‌ను నేలకేసి కొడతారు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బ్లేడ్లు బిగించే తల వంగిపోతుంది, ఆ తరువాత ఎన్ని కొత్త బ్లేడ్లు వేసినా ప్రయోజనం ఉండదు. నీటిలో కాసేపు ముంచి ఉంచితే ఆ పొర దానంతట అదే కరుగుతుంది.

ఆగర్‌తో పాటు ఒక గడ్డపార తప్పక కొనండి. ఇక్కడివారు స్పడ్ బార్ అంటారు, పోలికకు మన గడ్డపారే. ఐసు గట్టిదో కాదో ముందు దానితో పొడిచి చూసుకుంటూ నడవాలి. రాష్ట్ర సహజ వనరుల శాఖ నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి, కొత్త ఐసు ఉండాలని చెబుతుంది, తెల్లని ఐసైతే దానికి రెట్టింపు లెక్క. 2023 డిసెంబరు చివరిలో ఈ రాష్ట్రంలోనే ఉన్న అప్పర్ రెడ్ లేక్ సరస్సులో ఐసు పలక విడిపోయి వంద మందికి పైగా నీటి అవతల చిక్కుకుపోయారు. వాళ్లందరి దగ్గరా మంచి ఆగర్లే ఉండి ఉంటాయి. గుజ్జు తీయడానికి ప్రత్యేకంగా గరిటె అమ్ముతారు గాని, నేను ఇంట్లోని బూరెల గరిటె వాడతాను. మా ఆవిడ ఆ తరువాత దానిని వంటింట్లోకి రానివ్వలేదు.

మా అమ్మకు మొదటిసారి ఫోనులో ఈ తతంగమంతా వివరించినప్పుడు, “నీళ్లున్నాయని తెలిసిన చోట బోరు వేయడమేమిట్రా?” అన్నది. అనంతపురం జిల్లాలో మూడు బోర్లు వేయించి రెండింటిలో దుమ్ము చూసిన ఇల్లు మాది, ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. కాని రంధ్రాల మీద ఆశ మాత్రం ఇద్దరిదీ ఒకటే. చేపలు లేవని తెలిసినా మరొకటి తొలిచి చూద్దామనిపిస్తుంది, అలా తొలిచినప్పుడే పదును విలువ తెలుస్తుంది. ఇక్కడ చలికాలంలో ఒకరు రెండు గాలాలు వేయవచ్చు కాబట్టి కనీసం రెండు రంధ్రాలు కావాలి, చేప కోసం వెతకడానికి మరో ఎనిమిది వేసుకోండి. రోజుకు పది రంధ్రాలకు, 6 అంగుళాల బిట్టుకు, మంచి డ్రిల్లు చాలు. వాలై మీదనే మనసుంటే 8 అంగుళాల బిట్టు తీసుకోండి.

ఏది కొన్నా, దానికి సరిపోయే బ్లేడ్ల జత ఒకటి అదే రోజు కొనండి. ఒక కంపెనీ బ్లేడు మరొక దానికి పట్టదు, ఒకే కంపెనీలో కూడా కొలత మారితే పట్టదు. జనవరి మధ్యలో వాటి కోసం నలభై మైళ్లు నడిపి, దుకాణంలో 6 అంగుళాల చీటీ కింద ఖాళీ కొక్కెం మాత్రమే చూసి రెండు సార్లు తిరిగి వచ్చాను.