కొలంబస్ దినం మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో సెలవుగా జరుపుకునే కొలంబస్ దినం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు లొంగుతోంది, సంతోషం. అయితే మొదటి పుటలో ఆయనను మహానావికుడని కీర్తించావు, రెండో పుటలో క్రూరుడని దుయ్యబట్టావు, చివరి పేరాలో ఆ రెండింటికీ రాజీ కుదిర్చావు. ఇలాంటి వ్యాసాలు ఏటా అక్టోబరులో వస్తూనే ఉంటాయి. నువ్వు రాయదలచింది మనిషి గురించా, సెలవు గురించా అన్నది ముందు తేల్చుకో. 1492 నాటి ప్రయాణం ఒక కథ. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ ప్రయాణాన్ని పండుగ చేసుకోవలసిన అవసరం ఎవరికి కలిగిందన్నది మరో కథ. నీ వ్యాసంలో రెండో కథ ఒక్క వాక్యంలో ముగిసిపోయింది, నిజానికి అసలు సరుకంతా అక్కడే ఉంది.

1891 మార్చి 14న న్యూ ఆర్లియన్స్‌లో వేల మంది జనం జైలు తలుపులు పగలగొట్టి పదకొండు మంది ఇటాలియన్లను చంపారు. ఆ నగర పోలీసు అధిపతి హత్య కేసులో వారు నిందితులు. వారిలో కొందరిని జ్యూరీ అప్పటికే నిర్దోషులుగా తేల్చింది, కొందరి విచారణ ఇంకా మొదలే కాలేదు. ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, అమెరికా చివరికి పాతిక వేల డాలర్ల పరిహారం చెల్లించింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ నాలుగు వందల ఏళ్ల ఉత్సవాన్ని ప్రకటించాడు. సాటి పౌరులు మనుషులుగానే చూడని వలస కూలీకి, ఇటలీలోని జెనోవాలో పుట్టిన కొలంబస్ ఈ దేశపు తలుపు తట్టడానికి ఒక పూర్వీకుడిగా దొరికాడు. ఆ కూలీ వైపు నుంచి చూసినప్పుడు ఈ సెలవు నాకు మొదటిసారి అర్థమైంది. అమెరికా బడుల్లో మన పిల్లలు కూడా ఉదయాన్నే గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పే జెండా ప్రతిజ్ఞ తొలి రూపం ఆ 1892 ఉత్సవం కోసమే తయారైంది. నువ్వూ ఆ బడిలోనే చదివావు కనుక ఈ సంగతి నీ వ్యాసంలో ఉండి తీరాలి.

తర్వాతి చరిత్ర రెండు వాక్యాల్లో చెప్పేయవచ్చు. 1971 నుంచి అక్టోబరు రెండో సోమవారం దేశమంతటికీ ఫెడరల్ సెలవు అయింది. 1992లో బర్క్‌లీ నగరం అదే రోజును మూలవాసుల దినంగా జరపడం మొదలుపెట్టింది, 2021లో అధ్యక్షుడు బైడెన్ దానికీ అధికారిక ప్రకటన వెలువరించాడు.

ఇక సముద్రం మీది ఆ రాత్రి. దాన్ని నువ్వు చాలా పెద్ద మాటలతో రాశావు. అంత అవసరం లేదు. అర్ధరాత్రి దాటిన రెండు గంటలకు కొలంబస్ మూడు ఓడల్లో ఒకటైన పింటా మీది నావికుడు రోడ్రిగో దె త్రియానా నేలను చూశాడు. ముందుగా చూసినవాడికి ఏటా పదివేల మరవేదీల (నాటి స్పెయిన్ నాణేలు) బహుమానం ఇస్తామని స్పెయిన్ రాజదంపతులు, దాని మీద ఒక పట్టు అంగీ ఇస్తానని కొలంబస్ మాట ఇచ్చి ఉన్నారు. కానీ ముందు రాత్రి పది గంటలకే కొవ్వొత్తి వెలుగులాంటిది పైకీ కిందికీ ఊగుతూ తనకు కనిపించిందని చెప్పి, ఆ బహుమానాన్ని కొలంబస్ తానే తీసుకున్నాడు. ఇంత రాసి ఊరుకో, విశేషణాలు చేయవలసిన పని ఆ కొవ్వొత్తే చేస్తుంది. ఇంకొక మాట. ప్రయాణంలో ఆయన రాసుకున్న దినచర్య పుస్తకం అసలు ప్రతి దొరకలేదు, మనం చదివేది లాస్ కాసాస్ అనే మతాచార్యుడు తయారుచేసిన సంక్షిప్త ప్రతి. అందుచేత "కొలంబస్ రాశాడు" అనే ముందు కలం ఒక్క క్షణం ఆపు.

"అమెరికాను కనుగొన్నాడు" అన్న మాట కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ముప్పై ఏళ్ల కిందట నేనూ అదే రాశాను. ఇప్పటి అమెరికా ప్రధాన భూభాగం మీద ఆయన ఏనాడూ కాలు పెట్టలేదు. ఆయన దిగిన బహామా దీవిని అక్కడి లుకాయన్లు గ్వానహానీ అని పిలుచుకునేవారు. కనుగొనడమంటే కంటితో చూసి తెలుసుకోవడమని అనుకుంటే, తీరం నుంచి ఆ మూడు ఓడలను చూసిన లుకాయన్లకూ ఆ క్రియ చెల్లుతుంది. అలాగే "రెడ్ ఇండియన్లు" అన్న పాఠ్యపుస్తకాల మాట వదిలెయ్. ఆయన పొరపాటు పడి వారికి పెట్టిన పేరు కారణంగా, ఆ దేశంలో మనం ఏ ఇండియన్లమో ఇప్పటికీ వివరించుకోవలసి వస్తోంది.

గుంటూరు మిరపకాయతో మొదలుపెట్టడం బాగుంది కానీ, దాన్ని అలంకారంగా వాడి వదిలేశావు. 1493 జనవరిలో ఆ దినచర్య మిరపను అక్కడివారి మిరియమని, మిరియం కంటే మేలైనదని చెబుతుంది. స్పెయిన్ వారు మిరియానికున్న పిమియెంటా అనే పేరునే కాస్త మార్చి మిరపను పిమియెంటో అన్నారు. పోర్చుగీసు ఓడల్లో అది మన దేశానికి చేరినప్పుడు మనవాళ్లూ మిరియాన్నే తలచుకుని మిరప అన్నారు. ఈ సంగతి రెండో పేరాలోకి తీసుకురా, మీ అమ్మమ్మ కల్లంలో కాయలు ఎండబోసే దృశ్యాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచు. పెన్సిల్ గుర్తులు పెట్టిన కాగితాలు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.