మనకు సంబంధం లేని కట్టడమా?

విజయనగరం

చిరంజీవికి,

చెన్నైలోని రాజాజీ హాలు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. స్తంభం మొదట్లో పెచ్చు ఊడిన చోట పాత సున్నం పొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయనీ, పైపొర మీద వేలు పెడితే గాజు మీద పెట్టినట్టు జారిందనీ రాశావే, ఆ పేరా బాగుంది. ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యకు.

కానీ ఆ తర్వాత "మన ప్రాంతానికి ఏ సంబంధమూ లేకపోయినా తప్పక చూడవలసిన కట్టడం" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

ఆ హాలు ఎందుకు కట్టారో నువ్వే రాశావు. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ విందులకీ దర్బార్లకీ కట్టించాడు, 1802లో పూర్తయింది. తండ్రి రాబర్ట్ క్లైవ్ ప్లాసీలో గెలిచిన గెలుపు ఒకటి, 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు మీద గెలుపు ఇంకొకటి. ఆ రెండింటి గుర్తుగానే గ్రీకు గుడి తీరులో ఎత్తయిన అరుగు, వెడల్పాటి మెట్లు, చుట్టూ స్తంభాలు, నెత్తిన త్రికోణాల్లో యుద్ధ చిహ్నాలు. అంతవరకు రాసి ఆగిపోయావు. ప్లాసీ ఎప్పుడు? 1757 జూన్. బొబ్బిలి యుద్ధం అదే ఏడాది జనవరి 24. మధ్యన అయిదు నెలలు! తాండ్ర పాపారాయుడి చేతిలో మన విజయనగరం రాజు పెద విజయరామరాజు పోయాక గద్దెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివాళ్ళతో చెడి, వాళ్ళ దగ్గర్నుంచి విశాఖపట్నం లాక్కుని, కలకత్తాకి కబురంపాడు. ఆ కబురందుకుని కర్నల్ ఫోర్డ్‌ని సేనతో ఇటు పంపింది ఎవరనుకున్నావు? ఆ ప్లాసీ క్లైవే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర మనవాళ్ళూ ఫోర్డ్ సేనా ఒక పక్షాన నిలబడి ఫ్రెంచివాళ్ళని ఓడించారు. ముప్పై అయిదేళ్ళు తిరిగేసరికి అదే ఈస్టిండియా కంపెనీ పేష్కష్ (తనకు కట్టాల్సిన కప్పం) బకాయిల పేరు చెప్పి మన మీదికే వచ్చింది. 1794 జూలై 10న పద్మనాభంలో చిన విజయరామరాజు ప్రాణం తీసింది. ఆ తర్వాత పదేళ్ళయినా కాకుండానే మద్రాసులో ఆ విందుల హాలు లేచింది. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో చదువుకున్న పిల్లాడు దాని మెట్లెక్కి "మనకు సంబంధం లేదు" అని ఎలా రాస్తాడు?

నా మాట ఒకటే. ఏ ఊరి కట్టడం మీద రాసినా నీ ఊరి గుమ్మంలోంచి బయల్దేరు. లేకపోతే నువ్వు రాసిందానికీ అక్కడి గైడు చెప్పేదానికీ తేడా ఏముంటుంది? పాఠకుడికి నీతో పనేముంది?

ఈ మాట వల్ల నేను చాలా పోగొట్టుకున్నాను. వయసులో ఉండగా పద్మనాభం మీద ఒక పెద్ద వ్యాసం రాసి పేరున్న వారపత్రికకి పంపాను. కొండ దిగువ రైతులతో మాట్లాడి, పాత రికార్డులు కాపీ చేసుకుని రాసింది. సంపాదకుడు తేదీలన్నీ కోసేశాడు. బకాయిల లెక్క తీసేశాడు. "పాఠకులకి అంకెలెందుకండీ, రాణివాసం కథ ఏమైనా ఉంటే కలపండి" అని కార్డు రాశాడు. నేను కలపలేదు. తర్వాత చాలాకాలం ఆ పత్రికలో నా పేరు రాలేదు. ఇప్పుడు సంపాదకులు మారారు, కోత మారలేదు. "అబ్బురపరిచే", "కళ్ళు చెదిరే", "మీకు తెలుసా" అంటేనే వేస్తున్నారు. నీ వ్యాసంలోనూ "అబ్బురపరిచే" చాలా చోట్ల ఉంది. ఒక్కటీ మిగల్చకు.

కట్టినవాణ్ణి "ఒక బ్రిటిష్ ఇంజనీరు" అని వదిలేశావు. అది నాకు మరీ బాధ కలిగించింది. జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు నక్షత్రశాలకి ఖగోళ శాస్త్రజ్ఞుడు. హాలు పూర్తయిన 1802లోనే మద్రాసు రేఖాంశం లెక్కగట్టి, మద్రాసు టైముకి పునాది వేసినవాడు. ఆయనకు ముందు ఆ నక్షత్రశాల చూసిన మైకేల్ టాపింగ్ 1796లో మన మచిలీపట్నంలో పోయాడు. టాపింగ్ హయాంలో 1792లో ఆ నక్షత్రశాలలో నిలబెట్టిన రాతి స్తంభం మీద లాటిన్, తమిళాలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కారు. చెన్నై దాకా వెళ్ళి అది చూడకుండా వచ్చావా?

ఇంకొకటి. 1938, 39లలో మద్రాసు శాసనసభ ఆ హాల్లోనే కూర్చుంది. మద్రాసు ప్రధాని (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) రాజాజీ, తర్వాత హాలుకి పేరు వచ్చింది ఆయన మీదే. ఆ మంత్రివర్గంలో కార్మిక మంత్రి వి.వి. గిరి గారు. 1937లో బొబ్బిలి నియోజకవర్గంలో, అంతకుముందు మద్రాసు ప్రధానిగా చేసిన బొబ్బిలి రాజా గారినే ఓడించి వచ్చినవారు. అంటే 1757 గెలుపుకి గుర్తుగా కట్టిన చోటికి బొబ్బిలి ఓటే నడిచి వెళ్ళింది. అన్నాదురై, ఎం.జి.ఆర్., జయలలిత, కరుణానిధి పార్థివ దేహాలను అక్కడ ఉంచారని రాశావు, సరే, అది అందరికీ తెలిసిందే. గిరి గారి సంగతి నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?

నీకు సున్నం మీద కన్ను ఉంది కాబట్టి చెప్తున్నాను. మద్రాసు గచ్చుకి గుల్ల సున్నంలో బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన, నెయ్యి, మజ్జిగ కలిపేవారు. చివరి పూత ఆరకముందే నున్నటి రాయితో పాలరాయిలా మెరిసేదాకా రుద్దేవారు. మన దగ్గర పాత లోగిళ్ళకి పనిచేసిన ఒక తాపీ మేస్త్రి దగ్గర నేను కూర్చుని చూశాను. గానుగలో ఆడిన సున్నం ముద్ద తీసి, కరక్కాయ నీళ్ళు చిలకరించి, తాపీ తిరగేసి దాని వీపుకి అంటుకుందో లేదో చూసేవాడు. అంటుకోకుండా జారితే మళ్ళీ గానుగలో వేసేవాడు. అలాంటి చేతులున్నవాళ్ళు ఇంకా ఒకరిద్దరు దొరుకుతారు. వాళ్ళని కలిశాకే ఆ పేరా పెంచు.

కలం పేరు సంగతి, పోటీకి పంపాలా వద్దా అన్న సంగతి తర్వాత చూద్దాం. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు కదా, తిరగరాసింది పట్టుకురా. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం పద్మనాభం వెళ్దాం.

ఆశీస్సులతో.