మోటార్‌హోమ్ కొంటున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వూ అల్లుడుగారూ మోటార్‌హోమ్‌కి, అదే పడక, వంట గట్టు అన్నీ ఉండే ఇల్లులాంటి బండికి, అడ్వాన్స్ ఇచ్చేశారని నిన్న రాత్రి అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. బావగారి మోకాళ్లకు రైలు మెట్లు ఎక్కే ఓపిక లేకపోయినా, ఆయన్ని కాశీకి తీసుకెళ్లి తీరాలని నువ్వు పట్టుబట్టావట. చాలా సంతోషం అనిపించింది తల్లీ. ఆటోనగర్ షెడ్డులో ముప్పై ఏళ్లు బస్సులకు బాడీలు కట్టాను. ఎనిమిదేళ్లుగా సొంత మోటార్‌హోమ్‌లో మీ అత్తయ్యతో తిరుగుతున్నాను. నాకు తెలిసింది ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం బండి డాష్‌బోర్డు సొరుగులో పెట్టుకో.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ చూశాను. వెనక పెద్ద మంచం, గోడకు టీవీ, వంట గట్టుకు నల్ల గ్రానైట్, 300 లీటర్ల నీళ్ల ట్యాంకు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అందులో ఎక్కడా బరువు రాయలేదు. లగ్జరీ అంటూ మనం బండిలో పెట్టే ప్రతి వస్తువునూ మోసేది కమాను కట్టలు, టైర్లు, బ్రేకులు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి ట్యాంకు నింపితేనే 300 కిలోలు. ఆరు చదరపు అడుగుల గ్రానైట్ పలక, 20 మిల్లీమీటర్ల మందంది, 30 కిలోలు తూగుతుంది. మీరు నలుగురూ ఎక్కితే ఇంకో 260. గ్రానైట్ తీసేయించు. దాని బదులు తేనెపట్టు గడుల ప్యానెల్ మీద పల్చటి లామినేట్ వేయమను. మెరుపు అదే ఉంటుంది, బరువు చాలా తగ్గుతుంది. ట్యాంకు 150 లీటర్లు చాలు, మన దేశంలో నీళ్లు పట్టుకోవడానికి చోటు దొరకని ఊరు లేదు.

బండి చేతికొచ్చిన రోజే కాటా వేయించు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల లారీ కాటాలు బోలెడు. డీజిల్, నీళ్లు, సామాన్లు అన్నీ నింపి, నలుగురూ ఎక్కి కూర్చుని వేయించాలి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒక చీటీ, మొత్తం బండికి ఒక చీటీ, వెనక చక్రాలకు ఒక చీటీ తీసుకో. వాటిని డ్రైవర్ తలుపు దగ్గర కంపెనీ వేసిన ప్లేటు మీది అంకెలతో పోల్చి చూడు. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద ఎక్కువ పడిందంటే ప్రమాదమే, స్టీరింగ్ తేలిపోతుంది. నా బండికి మొదటిసారి వెనక 180 కిలోలు ఎక్కువొచ్చింది. డిక్కీలోని బ్యాటరీలను మధ్యకు జరిపాకే స్టీరింగ్ చేతికి నిలిచింది. కుడి ఎడమలు కూడా చూసుకోవాలి. ట్యాంకు, ఫ్రిజ్, బ్యాటరీలు మూడూ ఒకే పక్కకు రానివ్వకు.

అల్లుడుగారిది ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి బండ్ల లైసెన్సు. దాని మీద మనుషులు, సామాన్లతో కలిపి 7,500 కిలోల స్థూల బరువు లోపు బండే నడపాలి. ఇక ఆర్‌సీ సంగతి. పాత వ్యాను కొని లోపల మంచాలు బిగించేసి, ఆర్‌సీలో మాత్రం బస్సనే ఉంచేసే షెడ్లు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టమొచ్చినట్టు బండిని మార్చకూడదు. మోటార్ క్యారవాన్లకు, అంటే ఇలాంటి మోటార్‌హోమ్‌లకు, ఏఐఎస్-124 అని ప్రత్యేకంగా ప్రమాణం ఉంది. నీ బిల్డరు దాని ప్రకారం ఆమోదం తెచ్చుకున్న కాగితం చూపించాకే రెండో విడత డబ్బు ఇవ్వు. లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది ఆ తేడానే.

కరెంటు గురించి కాస్త ఓపిగ్గా చదువు. మే నెలలో మన గుంటూరు, బెజవాడ రాత్రులు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, ఏసీ లేకుండా బావగారు నిద్రపోలేరు. లెక్క ఇంటి కరెంటు బిల్లులాగే యూనిట్లలో వేసుకో. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్లు ఉంటాయి. టన్ను ఇన్వర్టర్ ఏసీ మొదట్లో గంటకు ఒక యూనిట్ దాకా లాగుతుంది, గది చల్లబడ్డాక సగానికి వస్తుంది. రాత్రంతా నడవాలంటే ఐదు యూనిట్లు వేసుకో, అంటే అలాంటి బ్యాటరీలు రెండు. అదే పని ఇంట్లో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో చేయాలంటే సగానికి మించి వాడకూడదు కాబట్టి ఆరు కావాలి, బరువు 300 కిలోలు దాటుతుంది. లిథియానికే ఖర్చు పెట్టు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ వేస్తే మంచి ఎండలో రోజుకు ఒకటిన్నర యూనిట్ వస్తుంది. లైట్లకు, ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు అది చాలు, ఏసీకి చాలదు. సోలార్‌తో ఏసీ రాత్రంతా నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. మిగతాది బండి నడుస్తున్నప్పుడు ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి రావాలి. బీఎస్-6 బండ్లకు దానికోసం మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి, నేరుగా వైరు లాగితే సరిపోదు. ఏసీ కోసం ఇంజన్ గంటల తరబడి ఆన్‌లో ఉంచొద్దు. సైలెన్సర్ ఫిల్టర్లో మసి పేరుకుని బండి మధ్య దారిలో మొండికేస్తుంది.

సత్రాల్లో, హోటళ్లలో బయటి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. ఒకసారి ఒక సత్రంలో ప్లగ్ పెట్టి వస్తుంటే, మీ అత్తయ్య తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి బండి తలుపు పట్టుకోబోయింది. ఎందుకో మనసు ఒప్పక ఆగమన్నాను. టెస్టర్ తెచ్చి హ్యాండిల్‌కి ఆనించాను. లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. ఆ సత్రం ప్లగ్‌కి ఎర్తింగ్ లేదు, మా బండిలో గీజర్ వైరు ఒకటి ఇనుప చట్రాన్ని తాకుతోంది. బాడీ మొత్తం కరెంటే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అందుకే చెబుతున్నాను, కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా బండి డెలివరీ తీసుకోకు. నెలకోసారి దాని మీది టెస్ట్ బటన్ నొక్కి, పడుతోందో లేదో చూడు. ఐదు ఆంపియర్ల ప్లగ్‌లో పెట్టి ఏసీ వేయకు. ముందు ప్లగ్, తర్వాత టెస్టర్, ఆ తర్వాతే బావగారు బండి ఎక్కాలి.

వంటకు గ్యాస్ వద్దని నా మాట. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే, మంచాల కింద పేరుకుంటుంది. అన్నం, పప్పు వండుకోవడానికి ఇండక్షన్ స్టవ్ మీద యూనిట్ కూడా అవదు. అక్కయ్య గ్యాసే కావాలంటే సిలిండర్‌కి లోపలికి దారి లేని విడి అర, దాని అడుగున బయటికి రంధ్రం, నేలకు దగ్గరగా గ్యాస్ అలారం ఉండాలి. జనరేటర్ పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టించు. అది వాసన లేని విషం. జనరేటర్ నడుస్తుండగా ఎవరూ నిద్రపోకూడదు, ఈ విషయంలో ఎవరి మాటా వినకు.

ఇక వాన. మోటార్‌హోమ్‌ను చంపేది రోడ్డు కాదు, నీళ్లు. మూడో ఏడు ఆషాఢంలో మా మంచం మీద, పైకప్పు మూలన రూపాయి బిళ్లంత టీ రంగు మరక కనిపించింది. తర్వాత చూద్దాంలే అని రెండు వారాలు వదిలేశాను. ఒక రోజు బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ప్లైవుడ్ పాలలో నానిన అటుకుల్లా అయిపోయింది. ఏసీ చుట్టూ వేసిన సీలెంట్‌లో వెంట్రుకంత పగులు ఉంది, అంతే. సీలింగ్ మొత్తం ఊడదీసి మళ్లీ కట్టడానికి నెల పట్టింది. అప్పటి నుంచి ఏటా రెండుసార్లు, రోహిణి కార్తె వెళ్లేలోపు ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి, నిచ్చెన వేసుకుని పైకెక్కి ప్రతి అతుకూ వేలితో తడిమి చూస్తున్నాను. పైకప్పుకు పాలీయూరితేన్ సీలెంట్ వాడాలి. బాత్రూముల్లో పూసే సిలికాన్ వాడితే ఆ తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు.

రాత్రి అందరూ పడుకున్నాక నీళ్ల పంపు శబ్దం విను. ఏ ట్యాపూ తిప్పకుండానే అది అప్పుడప్పుడు టక్కుమని ఒక క్షణం తిరిగి ఆగుతోందంటే, ఎక్కడో కనెక్షన్ కారుతోందన్న మాట. తెల్లారేదాకా ఆగకుండా లేచి సింకు కింద, టాయిలెట్ వెనక టిష్యూ కాగితం ఆనించి చూడు, తడి తెలిసిపోతుంది. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గీజర్‌ను ఏడాదికోసారి శుభ్రం చేయించు. టాయిలెట్ క్యాసెట్‌ను, అంటే మలినం చేరే ఊడదీసే డబ్బాను, రెండు రోజులకోసారి మామూలు టాయిలెట్‌లోనే ఖాళీ చేయాలి. కాలువలో మాత్రం పోయకు తల్లీ. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఎంతమంది పొలాలకు వెళుతున్నాయో రైతు బిడ్డవి, నీకు వేరే చెప్పాలా?

టైర్ల విషయంలో చాలామంది పొరబడతారు. ఇలాంటి బండ్ల టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చెయ్. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి.

పార్కింగ్ ఎక్కడో ఇప్పుడే నిర్ణయించుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. నా స్నేహితుడి వ్యాను సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీయగానే ఆత్రంగా సెల్ఫ్ కొట్టాడు, ఇంజన్ విరిగిపోయింది. మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు, బ్యాటరీ వైరు తీసేసి టో చేయించాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకో. మెరక నేల మీద రేకుల షెడ్డు వేయించి, పదిహేను రోజులకోసారి పాతిక కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు. ఎలుకలు వైర్లు కొరకకుండా అడుగున వైర్లు వెళ్లే రంధ్రాలన్నీ ఇనుప పీచుతో మూయించు. నిలిపి ఉంచినప్పుడు అల్మారా తలుపులు తెరిచి, పరుపు నిలబెట్టు, బూజు పట్టదు.

నడపడం అల్లుడుగారికి వచ్చు, కానీ ఇది కారు కాదు. ఏసీతో కలిపి బండి ఎత్తు టేపుతో కొలిచి, అడుగుల్లోనూ మీటర్లలోనూ స్టీరింగ్ ఎదురుగా అంటించమను. గుంటూరులో మూడు వంతెనల వైపు అసలు వెళ్లొద్దు, వానొస్తే అక్కడ నీళ్లు నిలిచిపోతాయని నీకు తెలుసు. బెజవాడ వచ్చేటప్పుడు కృష్ణ దాటడానికి ప్రకాశం బ్యారేజీ మీదికి కాకుండా కనకదుర్గ వారధి మీదుగా రండి. గాలి వీస్తుంటే వారధి మీద 50 దాటొద్దు, పక్క నుంచి తోస్తుంది. ఎడమకు తిప్పినప్పుడు వెనక తోక కుడికి వెళుతుంది, ఇరుకు సందుల్లో అదే తగులుతుంది. రివర్స్ కెమెరా నేలను చూపిస్తుంది కానీ పైన వేలాడే కరెంటు వైర్లను, వేపకొమ్మలను చూపించదు. వెనక్కి తీసేటప్పుడు నువ్వు కచ్చితంగా దిగి నిలబడాలి.

కాశీకి వెంటనే వద్దు. మొదటి రాత్రి మీ ఇంటి ముందే పడుకోండి. ఏది పనిచేయకపోయినా పది అడుగుల్లో ఇల్లుంది, టెన్షన్ ఉండదు. తర్వాత పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కి వెళ్లి రెండు రాత్రులు ఉండండి, ఇసుకలోకి మాత్రం దింపొద్దు. ఆ తర్వాత వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. నల్లమల అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, ఆ లెక్కన బయలుదేరండి. ఘాట్ ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే లైనర్లు కాలిపోతాయి. ఈ మూడూ సాఫీగా జరిగాకే కాశీ. వెయ్యి కిలోమీటర్లకు పైనే దారి, రోజుకు 300 చాలు, చీకటి పడకముందే ఆగండి. బావగారు రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు నడవాలి. బాత్రూమ్‌లో ఆయన చెయ్యి ఆనుకునే ఎత్తులో పట్టుకునే కడ్డీ బిగించమని బిల్డరుకు ఈ వారమే చెప్పు. ప్యానెల్ వేసేశాక లోపల ఇనుప పట్టీ పెట్టడం కుదరదు.

ప్యానెల్స్ మూసేముందు ఒకసారి నాకు కబురు చెయ్యి. వైరింగ్, పైపులు నా కళ్లతో చూస్తాను. కాటా రోజు కూడా నేనే వస్తాను, అక్కయ్యను పెరుగావడలు చేసి ఉంచమని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య,
పటమట, విజయవాడ