మబ్బు చూస్తే గుండె దడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాల్లో చెనిక్కాయ వేసినాం. విత్తనం పడి ఇరవై రోజులైంది, మళ్లీ చినుకు లేదు. రెండు బోర్లూ ఎండిపోయినాయి. మా ఆయన రాత్రి రెండు గంటలప్పుడు లేచి అరుగు మీద కూర్చుంటాడు. ఎదలో బిగబట్టినట్టు ఉందంటాడు. అనంతపురం తీసుకుపోయి ఈసీజీ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఏమన్నా అడిగితే "మాట్లాడితే వాన పడుతుందా?" అని కసురుకుంటాడు. బెంగళూరులో ఉన్న మా కొడుకు, 'ఒంటి ద్వారా చేసే థెరపీ ఉందంట, ఎక్కువ మాట్లాడే పని లేదంట' అంటున్నాడు. అదేంది? దాంతో ఏమన్నా ఒరుగుతుందా?

జవాబు: అమ్మా, మీ ఆయన అన్నది నిజమే, మాట్లాడితే వాన పడదు. ఈ థెరపీతో వాన వస్తుందని, అప్పు తీరుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. వాన ఎప్పుడొస్తుందో తెలియని ఈ రోజుల్లో మనిషి నిద్రపోగలగాలి, నాలుగు మెతుకులు తినగలగాలి, ఉలవ విత్తాలా ఇంకా చూడాలా అన్నది నెమ్మదిగా ఆలోచించుకోగలగాలి. ఇది సాయపడేది అంతవరకే. కరువు సీమలో అది చిన్న సాయం కాదు.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూడండి. గట్టు మీద పాము కనబడితే గుండె వేగం పెరుగుతుంది, కాళ్లూ చేతులూ బిగుస్తాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. పాము పొదలోకి పోయిందంటే కాసేపటికి ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. వాన రాకపోవడం అట్లా వచ్చిపోయే ఆపద కాదు. సాయంత్రం పడమట మబ్బు పడుతుంది, గాలికి చెదిరిపోతుంది, మర్నాడు మళ్లీ పడుతుంది. ఆపద తీరిందన్న కబురు ఒంటికి ఎప్పటికీ అందదు. దవడ బిగిసే ఉంటుంది, భుజాలు చెవుల దాకా లేచే ఉంటాయి, పక్కటెముకల కింద ఊపిరాడించే కండరం పట్టేసినట్టు ఉంటుంది. ఎదలో బిగబట్టినట్టు ఉందని ఆయన చెప్పేది చాలావరకు ఇదే కావచ్చు. అయితే ఒక్క ఈసీజీ బాగుందని నిశ్చింతగా ఉండకండి. నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు నొప్పి వచ్చినా, ఎడమ చేతికీ దవడకూ పాకినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈలోగా షుగర్, థైరాయిడ్, రక్తం శాతం పరీక్షలు కూడా చేయించండి.

మీ అబ్బాయి చెప్పినదాన్ని సోమాటిక్ థెరపీ అంటారు. అమెరికాలో పీటర్ లెవీన్ 1970లలో రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ అందులో ఒక పద్ధతి. జరిగిందంతా తవ్వి చెప్పించరు. ఇప్పుడు ఒంట్లో ఎక్కడ బిగువుంది, ఎక్కడ కాస్త వదులుగా, వెచ్చగా ఉంది అని అడుగుతారు. అరికాళ్లు బాగున్నాయంటే కాసేపు అక్కడే ధ్యాస ఉంచి, తర్వాత చిటికెడంత ఎద బిగువు దగ్గరికి వెళ్లి, మళ్లీ అరికాళ్లకు వస్తారు. ఒక్కసారిగా అంతా మీదికి తెచ్చుకుంటే ఒళ్లు తట్టుకోలేదు, అందుకే ఈ చిటికెడు లెక్క. బంధానికి పెద్దపీట వేసే థెరపిస్టులు ఇంకో మాట కూడా అంటారు: ఎదుట కూర్చున్న మనిషి గొంతు, ఊపిరి, నిదానం, ఇవే అసలు మందు.

పక్కన మనిషి ఉంటే భయం తగ్గుతుందనడానికి ఆధారం ఉంది. 2006లో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 16 మంది పెళ్లయిన ఆడవాళ్లను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలొచ్చని ముందే చెప్పి పరీక్షించింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి స్పందించే భాగాల పని తగ్గింది. తెలియని మనిషి చేయి పట్టుకుంటే తగ్గింది కొంతే. కాపురం బాగున్నవాళ్లలో తగ్గుదల ఎక్కువగా కనిపించింది. షాక్ మాత్రం అందరికీ ఒకటే.

అందుకే మొదటి పని మీ అరుగు మీదే చేయొచ్చు. ఆయన లేచి వెళ్లిన ఐదు నిమిషాలకు చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లండి. ఎదురుగా కూర్చుంటే ప్రశ్నించడానికి వచ్చినట్టు ఉంటుంది. పక్కన, మూరెడు దూరంలో, ఇద్దరూ ఒకే దిక్కు చూసేలా కూర్చోండి. వీపు గోడకు ఆనించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా తగలనివ్వండి. ముందు మీ ఊపిరి సర్దుకోవాలి: పీల్చినదానికన్నా వదలడం కాస్త ఎక్కువసేపు, ఆరేడుసార్లు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గడం ఒంటి సహజ గుణం. ఐదు నిమిషాలు మాటల్లేకుండా గడిచాక "చెయ్యి పెట్టనా?" అని అడగండి. సరేనంటే రెండు రెక్కల నడుమ వీపు మీద అరచేయి నిండుగా ఆనించి కదపకుండా ఉంచండి. రుద్దకూడదు, తట్టకూడదు. తడితే ఓదారుస్తున్నారని అర్థమై ఆయన మళ్లీ బిగుసుకుంటాడు. భుజం వెనక్కి లాగినా, పక్కకు జరిగినా వెంటనే తీసేయండి. పొడవాటి నిట్టూర్పు, ఆవులింత, గుటక, కడుపులో గుడగుడ, చేతులు వెచ్చబడడం, ఇవన్నీ ఒంటి బిగువు దిగుతోందనడానికి గుర్తులు. పది పదిహేను నిమిషాలు దాటనివ్వకండి.

ఇది చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మీకే ఏడుపో కోపమో పొంగుతున్నప్పుడు వెళ్లి కూర్చుంటే ఆయన ఒళ్లు దాన్నే పట్టుకుంటుంది, ఆ రాత్రికి వదిలేయండి. నిమిషానికోసారి "ఇప్పుడెట్లుంది?" అంటే అది ఇంకో పరీక్ష అవుతుంది. మూడోది, అప్పుల లెక్కలు ఆ వేళ తీయడం. చెనిక్కాయ ఇరవై రోజుల పైరుగా ఉన్నప్పుడు కొంత ఎండకు ఓర్చుకుంటుందని, ఊడలు దిగే దశలో నీళ్లు లేకపోతేనే దెబ్బ ఎక్కువని ఆయనకు మీకన్నా బాగా తెలుసు. రాత్రి రెండు గంటలకు ఆ తెలిసిందీ పనికిరాదు. పొద్దున టీ తాగాక, పిల్లవాడికి ఫోన్ కలిపి ముగ్గురూ కలిసి మాట్లాడండి.

ఒక్క విషయం దాచకుండా చెబుతున్నాం. "నేను లేకపోతే మీకు సుఖం" లాంటి మాటలు వచ్చినా, ఉన్నట్టుండి అప్పుల కాగితాలు అప్పగించినా ఆలస్యం చేయకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపలున్నది బయటికి వస్తుంది. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసి వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. ఆయన్ను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: కర్నూలులో గది తీసుకుని నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాను. పరీక్ష తేదీ మారుతూనే ఉంది. ఆందోళన తగ్గాలని ఫోన్లో వీడియోలు చూసి గట్టిగా ఊపిరి పీల్చే సాధన చేస్తే చేతివేళ్లు జివ్వుమంటున్నాయి, తల తిరుగుతోంది, భయం ఇంకా పెరుగుతోంది. నాకేమైనా జబ్బా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఊపిరి అవసరానికి మించి తీస్తున్నారు. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 12 నుంచి 20 ఊపిర్లు సరిపోతాయి. గబగబా లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు జివ్వుమనడం, పెదాలు మొద్దుబారడం, తల తేలిపోవడం దానివల్లే. వాటిని చూసి భయపడి ఇంకా పీలుస్తారు, చుట్టు అక్కడే తిరుగుతుంది. ఆ వీడియోలు ఆపేయండి. ఊపిరి ఎక్కువ కావడం కాదు, నిదానం కావడం మీకు కావాలి: కళ్లు తెరిచే ఉంచి, ముక్కుతో మూడు అంకెల సేపు మామూలుగా తీసుకుని, ఐదు అంకెల సేపు వదలండి. ఎనిమిదిసార్లు చాలు, బిగబట్టొద్దు.

కొందరికి ఊపిరి మీద ధ్యాస పెట్టడమే భయం పుట్టిస్తుంది. మీరు ఆ కోవలోకి వస్తే దాన్ని వదిలేసి గోడ దగ్గరికి వెళ్లండి. రెండు అరచేతులూ భుజాల ఎత్తులో గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, సగం బలంతో పది సెకన్లు నెట్టండి. తర్వాత ఇరవై సెకన్లు మెల్లగా వదులు చేయండి. నాలుగుసార్లు చేయాలి. తొందరపడి వదిలేసేవాళ్లే ఎక్కువ. అసలు ఉపయోగం ఆ వదలడంలోనే ఉంది, కండరం బిగువు దిగడం అప్పుడే తెలుస్తుంది.

నోటిఫికేషన్ కోసం ఫోన్ చూడడం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని పెట్టుకోండి. చూసిన ప్రతిసారీ ఒంట్లో చిన్న గంట మోగుతుంది, రోజుకు నలభైసార్లు మోగితే ఏ ఒళ్లూ నిలవదు. ఖాళీ కడుపున మూడు టీలు తాగి గుండె దడ అంటే అందులో సగం టీదే, ముందు ఉగ్గాని తినండి. సాయంత్రం ఒక్కరే గదిలో ఉండకుండా గది మిత్రుడితో కలిసి తుంగభద్ర ఒడ్డు దాకా ఇరవై నిమిషాలు నడవండి. సిలబస్ మాట ఎత్తకూడదన్నది షరతు. పక్కన నడిచే మనిషి అడుగుకు మన అడుగు కలవడం దేహానికి మాటలకన్నా ముందే అందుతుంది. మూడు వారాలు ఇట్లా చేసినా నిద్ర, ఆకలి రాకపోతే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి.

ప్రశ్న: మాది కడప జిల్లా. మా వారు కువైట్‌లో ఉన్నారు, అక్కడ పని ఉంటుందో లేదో తెలియడం లేదు. ఫోన్ ఆలస్యమైతే కడుపులో దేవినట్టవుతుంది. ఈ థెరపీలో తాకుతారంట, మొగవాళ్లు కూడా ఉంటారంట. వెళ్లడం మంచిదేనా? ఫోన్లో కుదురుతుందా?

జవాబు: తాకకుండానే ఈ పని పూర్తిగా చేయొచ్చు, చాలామంది అట్లాగే చేస్తారు. తాకాల్సి వస్తే ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు అన్నది ముందే చెప్పి, ప్రతిసారీ మీ ఒప్పుదల అడగాలి. మీరు ఏ క్షణాన వద్దన్నా ఆపాలి. గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలని మీరు అడగొచ్చు.

వీడియో కాల్లోనూ కుదురుతుంది, ఒక షరతు మీద: ఫోన్ చేత్తో పట్టుకోకుండా ఎత్తులో నిలబెట్టి, మీ మొహం, భుజాలు రెండూ కనబడేలా కూర్చోవాలి. భుజాలు కనబడకపోతే థెరపిస్టుకు సగం సమాచారం అందదు. మీ వారితో మాట్లాడేటప్పుడూ అంతే. డబ్బు సంగతులతో మొదలుపెట్టకండి. మొదటి రెండు నిమిషాలు ఏం తిన్నారు, ఎండ ఎట్లుంది అన్న మాటలకే ఉంచండి. గొంతు నెమ్మదించాక మిగతావి. ఫోన్ రోజూ ఒకే వేళకు అని ఇద్దరూ అనుకుంటే, మిగతా గంటల్లో ఎదురుచూపు కొంత తగ్గుతుంది.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య అడగండి. సోమాటిక్ శిక్షణ సర్టిఫికెట్ ఒక్కటే ప్రభుత్వ గుర్తింపు కాదు. ఎన్ని విడతలు, ఒక్కోటి ఎంతసేపు, ఎంత ఫీజు అన్నది మొదటి రోజే చెప్పాలి. చెప్పినవి గుట్టుగా ఉంచమనే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చింది. వాడుతున్న మాత్రలు ఆపేయమన్నా, ఒక్క విడతలో నయం చేస్తానన్నా, మీరు వణుకుతున్నా ఆపకుండా 'ఇంకా లోపలికి వెళ్లు' అన్నా, లేచి వచ్చేయండి.