జాగ్వార్ ఈ-టైప్, పోర్షే 911: ఇంజను నంబరు తరువాత, అడుగుభాగం ముందు

పాత స్పోర్ట్స్ కారును సేకరణ కోసం కొనదలిస్తే అరవైల నాటి జాగ్వార్ ఈ-టైప్ మంచిదా, పోర్షే 911 మంచిదా అని అడిగారు. ఈ-టైప్ పుట్టిన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలోనే ఉద్యోగం చేస్తూ, పాత కార్ల పిచ్చి ఉన్న సహోద్యోగుల వెంట సెలవు రోజుల్లో తిరిగేవాడిగా చెబుతున్నాను: 911 కొనండి.

అందం విషయంలో ఈ-టైప్‌కు పోటీయే లేదు. విమానాల పరిశ్రమ నుంచి వచ్చిన మాల్కమ్ సేయర్ గీసిన ఆ పొడవాటి బానెట్‌ను 1961 జెనీవా ప్రదర్శనలో చూసినవారు ఎందుకు వెర్రెత్తిపోయారో ఈనాటికీ తెలుస్తుంది. కంపెనీ లెక్క ప్రకారం 3.8 లీటర్ల ఇంజనుకు 265 హార్స్‌పవర్. 1964లో తయారీ మొదలైన 911కు అందులో సగమైనా లేదు, 130 మాత్రమే.

అయితే మా సహోద్యోగి ఒకరు ఎర్రటి 3.8 ఈ-టైప్ కొనబోతూ నన్ను తోడు తీసుకెళ్లారు. పెయింటు అద్దంలా మెరుస్తోంది. ఇంజను నంబరు, తయారీనాటి వివరాలు తెలిపే హెరిటేజ్ సర్టిఫికెట్‌లోని నంబరుతో సరిపోయిందని డీలరు చాలాసేపు వర్ణించాడు. మావాడు మాత్రం చేతిరుమాలులో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింద ఉండే సిల్ పొడవునా జరుపుతూ వెళ్లాడు. ముందువైపు గట్టిగా పట్టుకున్న అయస్కాంతం మధ్యకు రాగానే జారి కింద పడింది. అక్కడున్నది ఇనుము కాదు, పుట్టీ. బానెట్ ఎత్తితే, ఇంజనును మోసే చతురస్రపు గొట్టాలు ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడలా ఉండే బల్క్‌హెడ్‌కు బోల్టులతో బిగిసే చోట పెయింటు బుడగలు లేచి ఉంది. ఇదేమిటని అడిగితే, నలభై ఏళ్లు దాటిన బండికి ఏటా భద్రత చూసే ఎంఓటీ పరీక్షే అక్కర్లేదు కదా అన్నాడు డీలరు. బ్రిటన్‌లో ఈ మినహాయింపు పాత కార్ల మీద ప్రేమతో ఇచ్చిందే కావచ్చు గాని, తుప్పును దాచి అమ్మేవారికి ఇంతకన్నా మంచి వరం లేదు.

ఇంజను ఎంత పాడైనా విప్పి బాగుచేయవచ్చు. ఈ-టైప్ నడుమకు విడి ఛాసిస్ లేదు, బరువంతా ఆ సిల్స్ మీదే నిలుస్తుంది. బాడీకి సరైన ఆధారం పెట్టకుండా వాటిని కోసి అతికిస్తే తలుపులు మూతపడవు. నంబర్లు కలిశాయా అని మాత్రమే చూసే సేకర్తలు ఈ సంగతిని పట్టించుకోకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

911కు తుప్పు పట్టదని కాదు. జింకు పూత బాడీ 1976 మోడళ్ల నుంచే వచ్చింది కాబట్టి, ముందు బ్యాటరీ పెట్టే చోటును, వెనుక స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ కడ్డీలుండే గొట్టం పరిసరాలను టార్చి వేసి చూడవలసిందే. తొలి బండ్లలో ఇంజను బరువంతా వెనుక ఉండడం వల్ల మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేస్తే తోక బయటికి విసురుతుంది. అందుకే పోర్షే 1969 మోడల్ నుంచి చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచింది. మీరు కూడా అక్కడి నుంచే వెతకండి. 911 ఇంజను గాలితోనే చల్లబడుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో రేడియేటర్ నీళ్లు మరుగుతాయన్న బెంగ ఉండదు, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రోమెష్ మొదటి గేరుకు కూడా ఉంటుంది. 3.8 ఈ-టైప్‌లో ఈ రెండు సుఖాలూ లేవు.

మనసు ఈ-టైప్ మీదనే ఉంటే 1964 చివరలో వచ్చిన 4.2 లీటర్ల బండిని చూడండి, దాని గేర్‌బాక్స్ చాలా నయం. ఇంజను మార్చినందువల్ల ధర తగ్గిన బండి, గట్టి సిల్స్‌తో దొరికితే మాత్రం వదలకండి. మిగిలిన డబ్బుతో ఏళ్ల తరబడి దాన్ని నడపవచ్చు.