మంచులో మారథాన్ సాధన: చలి కంటే చెమటతోనే తంటా

"అన్నా, ఈ చలిదేశానికి ఆగస్టులో వచ్చాను. ఆఫీసులో అందరూ ఇస్తుంటే నేనూ ఏప్రిల్ మారథాన్‌కి పేరిచ్చేశాను. ఇప్పుడు బయట మైనస్ పన్నెండు. డబ్బు పోయినట్టేనా?" అని ఒక తమ్ముడు అడిగాడు.

పోలేదు తమ్ముడూ. నేనూ ఒకప్పుడు ఎండాకాలంలో పేరిచ్చి, డిసెంబరులో తల పట్టుకున్నవాణ్ణే. 42.195 కిలోమీటర్లకి సాధన అంటే మామూలుగా పదహారు, పద్దెనిమిది వారాలు. ఏప్రిల్ నుంచి వెనక్కి లెక్కేస్తే సరిగ్గా డిసెంబరులో తేలుతుంది. అంటే పరుగు వసంతంలోనైనా పాట్లన్నీ చలికాలంలోనే. అయితే ఒక్క షరతు. ఇప్పటికి ఆగకుండా పది కిలోమీటర్లయినా పరిగెత్తి ఉండకపోతే మాత్రం ఈ ఏడాదికి హాఫ్ మారథాన్‌కి, అంటే సగం దూరానికి మార్చుకో. మొదటి చలికాలం, మొదటి మారథాన్ రెండూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు.

వేడి దేశం నుంచి వచ్చిన మనం చేసే మొదటి తప్పు ఒళ్లంతా బట్టలు చుట్టేసుకోవడం. నా మొదటి చలికాలంలో కాటన్ బనియను, దానిమీద రెండు స్వెటర్లు, పైన దళసరి జాకెట్ వేసుకుని బయల్దేరాను. రెండు కిలోమీటర్లకే చెమట ధారలు కట్టింది. ఆరో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి నడక మొదలుపెట్టాను. అంతే, తడిసిన కాటన్ ఒంటికి అంటుకుని ఐసుగడ్డలా మారింది. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే ఆ చలికి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పళ్లు టకటకలాడుతుంటే ఇంటిదాకా నడిచాను. పరిగెత్తినంతసేపూ ఒళ్లు తన వేడి తనే పుట్టించుకుంటుంది. ఆగిన మరుక్షణం ఆ తడే మనల్ని పట్టుకుంటుంది.

అందుకే బయట ఉన్నదానికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని బట్టలు వేసుకో. గుమ్మం దాటాక మొదటి పది నిమిషాలు వణుకు రావాలి. హాయిగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే. ఒంటికి ఆనేది చెమటను బయటికి పంపే పాలిస్టరో, మెరినో ఉన్నో కావాలి. కాటన్ వద్దు, సాక్సులు కూడా కాటన్‌వి వద్దు. మరీ చలిగా ఉంటే మధ్యలో ఒక పలచటి పొర, అన్నిటికీ పైన గాలిని ఆపే జాకెట్. చేతులకి వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. ముక్కు, నోటికి అడ్డంగా పలచటి గుడ్డ కట్టుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది, దగ్గు తగ్గుతుంది. ఆస్తమా ఉంటే ముందే డాక్టర్‌ని అడుగు. మగవాళ్లకి సిగ్గుపడకుండా ఒక మాట: ముందువైపు గాలి దూరని లోదుస్తులు దొరుకుతాయి, కొనుక్కో. ఎందుకో ఒక్కసారి తెలిసొచ్చాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

వాతావరణం యాప్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూడొద్దు, గాలితో కలిపి ఎంత చలిగా అనిపిస్తుందో ఆ అంకె చూడు. అది మైనస్ 28 దగ్గరికి వస్తే బయట పెట్టిన చర్మం అరగంటలోపే గడ్డకట్టే ప్రమాదం ఉంది. నా గీత మైనస్ 25, అది దాటితే ట్రెడ్‌మిల్లే. చర్మం తెల్లబడితే జాగ్రత్త అంటుంటారు గానీ, మన రంగుకి ఆ తెలుపు సరిగా కనిపించకపోవచ్చు. ముక్కు, చెవులు, వేళ్లలో స్పర్శ పోతే అదే హెచ్చరిక అనుకో. వెంటనే లోపలికి వచ్చి గోరువెచ్చని నీళ్లలో పెట్టు, రుద్దొద్దు. స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు గాలి వీపుకి తగిలేలా చూసుకో. చెమట పట్టాక ఎదురుగాలి తగిలితే తట్టుకోలేం. ఊరి చివరిదాకా పోకుండా ఇంటి చుట్టూ మూడేసి కిలోమీటర్ల చుట్లు వేస్తే ఏం జరిగినా ఇల్లు దగ్గరే.

చలికంటే నాకు భయం బ్లాక్ ఐస్ అంటే, అదే రోడ్డుమీద కంటికి ఆనకుండా గడ్డకట్టిన పలచటి ఐసు పొర. తడి రోడ్డులా కనిపిస్తుంది, కాలు పెడితే నేలమీద ఉంటాం. కాలు విరిగితే మారథాన్ సంగతి దేవుడెరుగు. షూకి తొడిగే స్పైకులు కొనుక్కో, అడుగులు చిన్నవిగా వెయ్యి. మంచులో వేగం చూసుకుని టెన్షన్ పడొద్దు. ప్లాన్‌లో పన్నెండు కిలోమీటర్లు అని ఉంటే, దానికి మామూలుగా పట్టే సమయమంతా పరిగెత్తి వచ్చెయ్, దూరం తక్కువైనా పర్లేదు. వేగంగా చేయాల్సినవి ట్రెడ్‌మిల్ మీద, ఒక శాతం ఎత్తు పెట్టుకుని చెయ్. అందులో నామోషీ ఏమీ లేదు. వారాంతపు లాంగ్ రన్ మాత్రం వీలైనంతవరకు బయటే.

నాలుగున్నరకే చీకటి పడే రోజులివి. తలకి లైటు, ఒంటికి మెరిసే జాకెట్ తప్పనిసరి. ఫుట్‌పాత్ లేకపోతే వాహనాలకి ఎదురుగా పరిగెత్తాలి. బళ్లు కుడివైపు నడిచే దేశమైతే నువ్వు ఎడమ అంచున ఉండాలి. మన అలవాటు దీనికి తిరగేసి ఉంటుంది, నేనే రెండుసార్లు పొరపాటు పడ్డాను.

చలిలో దాహం తెలియదు, కానీ నీళ్లు పోతూనే ఉంటాయి. సీసా తలకిందులుగా పెట్టుకుంటే మూతి దగ్గర గడ్డకట్టదు. విటమిన్ డి పరీక్ష ఒకసారి చేయించుకో. మన చర్మానికి ఇక్కడి చలికాలపు ఎండ చాలదు.

ఇంత బాధ ఎందుకంటావా? జపాన్‌కి చెందిన యూకీ కవౌచీ అప్పట్లో స్కూలు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తేవాడు. 2018 జనవరి 1న అమెరికాలో దాదాపు మైనస్ 17 డిగ్రీల చలిలో ఒక మారథాన్ పూర్తి చేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ రోజున చలివాన, ఎదురుగాలి. పేరున్న రన్నర్లు చాలామంది మధ్యలోనే ఆగిపోయారు, అతను గెలిచాడు.

అదే బోస్టన్‌లో 2012లో మారథాన్ రోజున ఎండ 30 డిగ్రీలు దాటింది. ఇది కూడా గుర్తుంచుకో. ఎండలో పుట్టాం, మనకేంటి అనుకోవద్దు. నాలుగు నెలలు మంచులో పరిగెత్తిన ఒంటికి ఇరవై డిగ్రీలే కొలిమిలా ఉంటుంది. నా మొదటి మారథాన్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నన్ను కూలబెట్టింది ఎండే! అందుకని చివరి రెండు వారాల్లో తేలిక పరుగులు కొన్ని ఒక పొర ఎక్కువేసుకుని చెయ్. అప్పుడు మాత్రం చెమట పట్టనీ.